ఖాసదార్ ఎవరైతే మనకేంది అనేవాళ్లకు

నాందేడ్ జిల్లా ముఖేడ్‌లోనూ, అక్కడినుంచి తెలంగాణ సరిహద్దు దాకా ఉన్న దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ తాలూకాల్లోనూ తెలుగు మాట్లాడే ఇళ్లలో ఎన్నికల ఊసెత్తి చూడండి. గ్రామపంచాయతీ రాజకీయం గంటలకొద్దీ చెబుతారు. ఆమ్‌దార్ గురించి, అంటే ఎమ్మెల్యే గురించి, గొంతు చించుకుని వాదించుకుంటారు. ఖాసదార్ దగ్గరికి, అంటే ఎంపీ దగ్గరికి వచ్చేసరికి ముచ్చట ఆగిపోతుంది. "ఖాసదార్ ఎవరైతే మనకేంది? ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి" అని తేల్చేస్తారు. చదువుకున్నవాళ్లదీ ఇదే అభిప్రాయం. కాకపోతే వాళ్లు దానికి నాలుగు కారణాలు జోడిస్తారు.

ఒకటి, ఢిల్లీ దూరం, మన పనులన్నీ ఆమ్‌దార్ దగ్గరే తెగుతాయి. రెండు, ఆయన మన భాషవాడు కాదు, మన గోడు ఆయనకు పట్టదు. మూడు, పార్టీ ఎటు ఓటెయ్యమంటే అటు వేస్తాడు, అలాంటి మనిషి గురించి తెలుసుకుని చేసేదేముంది. నాలుగు, ఆయన చేతిలో ఉండేది ఏడాదికి ఐదు కోట్లు, అందులో మన ఊరికి రాలేది ఎంత.

ఈ నాలుగు కారణాలూ నిలిచేవి కావు. ఇవి తప్పుడు లెక్కలు మాత్రమే అయితే ఊరుకోవచ్చు. కానీ వీటివల్ల నష్టపోతున్నది ముఖేడ్ లాంటి చోట్ల బతికేవాళ్లే. ముంబయికి దూరంగా, హైదరాబాద్‌కు పరాయిగా, రెండు రాష్ట్రాల అంచున ఉన్నవాళ్లకు ఎంపీ మిగతా అందరికంటే ఎక్కువ అవసరం. అందుకే ఈ అభిప్రాయాన్ని గట్టిగా ఖండించాలి.

ముందుగా, "సామాన్య ఓటరుకు ఎంపీకీ ఎమ్మెల్యేకీ తేడా తెలియదు, ఒకే గాలికి రెండు ఓట్లూ పడిపోతాయి" అనేవాళ్లకు జవాబు చెప్పాలి. ఆ జవాబు నాందేడ్ ఓటర్లే ఇచ్చారు. 2024 ఏప్రిల్ 26న జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్ అభ్యర్థి వసంతరావ్ చవాన్ గెలిచారు. ఫలితం వచ్చి మూడు నెలలు నిండకముందే, ఆగస్టు 26న, హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ కన్నుమూశారు. నవంబరు 20న మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికలతోపాటే నాందేడ్ లోక్‌సభ ఉప ఎన్నిక జరిగింది. అదే రోజు, అదే పోలింగ్ కేంద్రం, అదే వేలికి సిరా. ఓటరు ముందు రెండు ఓట్లు. నాందేడ్ లోక్‌సభ కింద ఆరు అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి: భోకర్, నాందేడ్ ఉత్తర, నాందేడ్ దక్షిణ, నాయగావ్, దెగ్లూర్, ముఖేడ్. ఆరింటికి ఆరూ బీజేపీ ఉన్న మహాయుతి కూటమి గెలుచుకుంది. ముఖేడ్‌లో బీజేపీ అభ్యర్థి తుషార్ రాఠోడ్ మళ్లీ గెలిచారు. లోక్‌సభకు మాత్రం కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వసంతరావ్ కుమారుడు రవీంద్ర చవాన్ ఎన్నికయ్యారు. 18 లక్షలకు పైగా ఓటర్లున్న నియోజకవర్గంలో ఆయన మెజారిటీ 1,457 ఓట్లు.

ఈ ఫలితాన్ని సానుభూతి అని కొట్టిపారెయ్యడం సులభం. సానుభూతే కావచ్చు. కానీ ఒకే గదిలో నిలబడి, ఒక ఓటు ఒక కూటమికీ రెండో ఓటు దాని ప్రత్యర్థికీ వేసినవాళ్లు వేలల్లో ఉంటే తప్ప అలాంటి ఫలితం రాదు. వాళ్లకు ఈ రెండు పదవులూ వేరని తెలుసు. తెలియనిదల్లా ఆ రెండో పదవిని ఓటేసిన మర్నాటి నుంచి ఎలా వాడుకోవాలన్నదే. ఆ లోటుకు ఓటర్ల నిర్లక్ష్యం కారణం కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక మొదటి కారణం, ఢిల్లీ దూరం. ముఖేడ్ రైతు పండించేవి ముఖ్యంగా సోయా, పత్తి. 2025–26కు సోయా మద్దతు ధర క్వింటాలుకు 5,328 రూపాయలని ఢిల్లీ నిర్ణయించింది. 2025 మే చివర్లో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించిందీ ఢిల్లీయే. బయటినుంచి నూనె చవకగా దిగితే ఇక్కడ సోయా ధర ఏమవుతుందో మార్కెట్ యార్డుకు వెళ్లే ప్రతి రైతుకూ తెలుసు. పత్తి సంగతి ఇంకా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2025 ఆగస్టు మధ్యలో ముఖేడ్ తాలూకా మీద కుండపోత వాన కురిసింది. రావణ్‌గావ్, హస్నాళ్ లాంటి ఊళ్లను నీళ్లు చుట్టుముట్టాయి. హస్నాళ్‌లో ప్రాణాలు పోయాయి. సైన్యాన్ని పిలిపించాల్సి వచ్చింది. చేలల్లో నీళ్లు నిలిచి ఉన్న ఆ వారంలోనే, ఆగస్టు 19 నుంచి, పత్తి దిగుమతుల మీద 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు నెలాఖరుకు పొడిగించారు. అప్పుడు పార్లమెంటు వర్షాకాల సమావేశాలు నడుస్తూనే ఉన్నాయి. అవి ముగిసింది ఆగస్టు 21న. అంటే ఎంపీ అడగడానికి సభ తెరిచే ఉంది.

వరదలో మునిగిన పంటకు పరిహారం ఎంతివ్వాలన్న కొలతా ఢిల్లీదే. రాష్ట్ర విపత్తు సహాయ నిధిలో 75 శాతం కేంద్రానిది. 2022–26 కాలానికి కేంద్ర హోంశాఖ పెట్టిన నియమాల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. ఎకరానికి లెక్కేస్తే మూడున్నర వేలు కూడా కాదు. దానిపైన రాష్ట్రం తన ఖజానా నుంచి ఎంతైనా కలపవచ్చు, కానీ ఆ మూల కొలతను మార్చడం ఆమ్‌దార్ చేతిలో లేదు. మార్చమని అడగాల్సిన చోటు పార్లమెంటు, అడగాల్సిన మనిషి ఎంపీ.

రైలు సంగతి చూడండి. ముఖేడ్‌కు రైలు లేదు. నాందేడ్ నుంచి దెగ్లూర్ మీదుగా బీదర్‌కు కొత్త లైను అన్న మాట ఏళ్లుగా వింటున్నాం. బోధన్ నుంచి ముఖేడ్ వైపుగా లాతూర్ రోడ్ దాకా లైను కావాలన్న కోరికా ఈనాటిది కాదు. నాందేడ్ రైల్వే డివిజన్ దక్షిణ మధ్య రైల్వేలో భాగం, దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాద్‌లో, నిర్ణయం ఢిల్లీలో. ఈ గొలుసులో ముంబయి అసెంబ్లీకి చోటెక్కడ? రైలు కావాలని ఆమ్‌దార్‌కు అర్జీలిచ్చే ఊరు, ఆ అర్జీ మీద అధికారమున్న ఒకే ఒక్క సభలో తన గొంతు ఎవరిదో పట్టించుకోకపోతే రైలు ఎక్కడినుంచి వస్తుంది?

వీటన్నిటికంటే లోతుగా తగిలేది మరొకటుంది, తెగల జాబితా. మహారాష్ట్ర షెడ్యూల్డ్ తెగల జాబితాలో కోలం పక్కనే మన్నెర్వార్లు అన్న పేరు ఉంది. పేరులోనే తెలుగుతనం ఉన్న తెగ అది. నాందేడ్ జిల్లాలో ఎన్నో కుటుంబాలు ఆ ధ్రువపత్రం కోసం, దాని చెల్లుబాటు కోసం తరాలుగా తిరుగుతున్నాయి. ధ్రువపత్రం ఇచ్చేదీ పరిశీలించేదీ రాష్ట్ర యంత్రాంగమే, నిజమే. కానీ జాబితాలో ఒక్క అక్షరం కలపాలన్నా తీసెయ్యాలన్నా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం పార్లమెంటు చట్టం చెయ్యాలి. 2000 నవంబరులో ఇదే మహారాష్ట్రకు చెందిన మిలింద్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సందేహం లేకుండా చెప్పింది: జాబితాలో ఉన్నదాన్ని ఉన్నట్టే చదవాలి, దాన్ని సాగదీసే అధికారం రాష్ట్రానికీ లేదు, కోర్టుకూ లేదు. పిల్లవాడి మెడికల్ సీటు, కూతురి ఉద్యోగం ముడిపడి ఉన్న జాబితా పార్లమెంటు చేతిలో ఉంటే, పార్లమెంటు మనకు దూరం అనడం ఎంత నష్టదాయకమైన భ్రమ!

రెండో కారణం, ఆయన మన భాషవాడు కాదు. సరిహద్దు తెలుగువాళ్ల మనసులో దీనికి పాత గాయం ఉంది. ముఖేడ్ ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోది. 1956 నవంబరు 1న నాందేడ్ జిల్లా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు, ముధోల్ తాలూకాలోని ముధోల్, భైంసా, కుబీర్ సర్కిళ్లు మాత్రం విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. కిన్వట్ తాలూకా ఆదిలాబాద్ నుంచి ఇటు వచ్చింది. అక్కాచెల్లెళ్ల మెట్టినిళ్లు రెండు రాష్ట్రాలకు పోయాయి. ఇటీవల ధర్మాబాద్ వైపు ఊళ్లు తమను తెలంగాణలో కలపమని అడిగాయంటే ఆ బాధా, అవతలి పథకాలతో పోలికా రెండూ దాని వెనకున్నాయి. ఆ బాధను నేను తక్కువ చెయ్యను. కానీ సరిహద్దు మార్చాలన్నా రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం చట్టం చెయ్యాల్సింది పార్లమెంటే. తెలంగాణలో కలవాలని కోరేవాడికి కూడా మొదట కావాల్సింది నాందేడ్ ఎంపీయే.

భాష వేరైతే ప్రాతినిధ్యం కుదరదన్న వాదాన్ని మన చరిత్రే తోసిపుచ్చుతుంది. 1984లో పి.వి. నరసింహారావు హన్మకొండలో చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. అదే ఎన్నికల్లో ఆయన్ను లోక్‌సభకు పంపింది మహారాష్ట్రలోని రామ్‌టెక్. 1989లో మళ్లీ పంపింది. మరాఠీ ఓటర్లు వరసగా రెండుసార్లు ఒక తెలుగువాణ్ని తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. హైదరాబాద్ విముక్తి పోరాటానికి నాయకుడైన స్వామి రామానంద తీర్థ 1952లో కన్నడ ప్రాంతమైన గుల్బర్గా నుంచీ, 1957లో మరాఠీ ప్రాంతమైన ఔరంగాబాద్ నుంచీ లోక్‌సభకు వెళ్లారు. నాందేడ్ విశ్వవిద్యాలయం ఈరోజు ఆయన పేరు మోస్తోంది. ఎంపీ ప్రాతినిధ్యం వహించేది నియోజకవర్గానికి. అందులో తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లందరూ ఆయన యజమానులే.

మరో సంగతి చాలామంది తెలుగువాళ్లు గమనించలేదు. 1956లోనే, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో పాటే వచ్చిన ఏడో రాజ్యాంగ సవరణ 350ఎ, 350బి అధికరణాలను చేర్చింది. మొదటిది, భాషాపరంగా మైనారిటీలైన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చెయ్యాలంటుంది. రెండోది, ఆ రక్షణల అమలు చూడడానికి ఒక ప్రత్యేక అధికారిని రాష్ట్రపతి నియమించాలని, ఆయన నివేదికలను పార్లమెంటు ఉభయ సభల ముందూ పెట్టాలని చెబుతుంది. మనల్ని వేరే రాష్ట్రంలో వదిలిన సంవత్సరమే మనకోసం పార్లమెంటులో ఒక తలుపూ తెరిచిందన్నమాట. ఆ నివేదికల్లో మహారాష్ట్ర తెలుగు పిల్లల గురించి ఏముందో అడగమని నాందేడ్ ఎంపీకి మనలో ఎంతమంది ఉత్తరం రాశారు? ఆయన మన భాషవాడు కాదని నొచ్చుకోవడం మాని, మన భాష గురించి ఆయనచేత మాట్లాడించాలి.

మూడో కారణం కాస్త బరువైనది. 1985లో వచ్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ విప్‌ను ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వం పోతుంది. కాబట్టి పెద్ద బిల్లుల మీద ఎంపీ సొంత నిర్ణయం నామమాత్రం. ప్రైవేటు సభ్యుల బిల్లుల్లో ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. ఇవన్నీ నిజాలే. వీటినుంచి "ఎంపీ ఎవరైనా ఒకటే" అన్న తీర్పుకు దూకడం మాత్రం తప్పు. విప్ కట్టేసేది ఓటును. ప్రశ్నను విప్ ఆపదు. శూన్యగంటలో లేవనెత్తే అంశాన్నీ, 377వ నిబంధన కింద ఇచ్చే ప్రస్తావననూ, స్థాయీ సంఘంలో అధికారిని నిలదీసే మాటనూ ఏ పదో షెడ్యూలూ ఆపదు. లోక్‌సభలో రోజుకు నోటి జవాబు కోరే నక్షత్రపు గుర్తు ప్రశ్నలు 20, 230 దాకా లిఖిత సమాధానపు ప్రశ్నలు ఉంటాయి. లిఖిత సమాధానం మంత్రి పేరుతో సభ ముందుకు వస్తుంది. సభకు తప్పు సమాచారమిస్తే మంత్రి సంజాయిషీ చెప్పుకోవాలి. తహసీల్ కచేరీలో గుమస్తా చెప్పే "చూస్తాం"కూ, సభలో మంత్రి ఇచ్చే సమాధానానికీ ఉన్న తేడా అదే.

ఇది ఎలా పనిచేస్తుందో ముఖేడ్ విషయంతోనే చూద్దాం. తాలూకాలో గోణేగావ్ దగ్గర లెండి నది మీద అంతర్రాష్ట్ర ప్రాజెక్టు ఉంది. లెండి మంజీరలో కలుస్తుంది, మంజీర గోదావరిలో. గోదావరి జలాల మీద 1975లో మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ చేసుకున్న ఒప్పందంలో ఉమ్మడి ప్రాజెక్టుగా దీన్ని చేర్చారు. పని 1980లలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ వాటా ఇప్పుడు తెలంగాణది, నీళ్లు అందాల్సింది జుక్కల్, మద్నూర్ వైపు పొలాలకు. నలభై ఏళ్లు దాటినా ముంపు గ్రామాల పునరావాసం మీద గొడవ తీరలేదు. 2025 ఆగస్టు వరద తర్వాత ఆ గొడవ ఇంకా ముదిరింది. ఇలాంటి విషయం మీద ప్రశ్న ఇలా ఉండొచ్చు:

(ఎ) లెండి అంతర్రాష్ట్ర ప్రాజెక్టుకు కేంద్రం ఏయే అనుమతులు, ఏ సంవత్సరంలో ఇచ్చింది. (బి) ముంపు గ్రామాల పునరావాసం ఎంతవరకు పూర్తయిందో మహారాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి తెలిపిందా, తెలిపితే గ్రామాలవారీ వివరాలేమిటి. (సి) ఖర్చులో తెలంగాణ వాటా ఎంత, ఇప్పటిదాకా ఎంత చెల్లించింది. (డి) 2025 ఆగస్టు వరదకు కారణాలను కేంద్ర జల సంఘం పరిశీలించిందా, పరిశీలిస్తే ఏం తేలింది?

నాలుగే ముక్కలు. ఇది రాయడానికి వకీలు అక్కర్లేదు. ముఖేడ్ కాలేజీలో డిగ్రీ చదివే పిల్లలు కూర్చుని ఒక సాయంత్రం రాయగలరు. కనీసం పదిహేను రోజుల ముందు నోటీసుగా సభకు ఇవ్వాల్సింది ఎంపీ. ఒక జాగ్రత్త ఉంది: పూర్తిగా రాష్ట్రం చూసుకోవాల్సిన విషయమైతే ప్రశ్నను అనుమతించరు, అందుకే కేంద్రం ముడి ఎక్కడుందో చూసి అడగాలి. లెండి రెండు రాష్ట్రాలది కాబట్టి ఆ ముడి దొరుకుతుంది. పైగా దీని మీద అడగాల్సినవాడు ఒక్కడే కాదు. అవతల జుక్కల్ జహీరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో ఉంది, 2024 నుంచి అక్కడి ఎంపీ సురేశ్ షెట్కార్. నది ఇటూ అటూ ఉన్న తెలుగువాళ్లు తమ తమ ఎంపీలచేత ఒకే సమావేశాల్లో ఒకే ప్రశ్న అడిగించగలరు. సరిహద్దును శాపంగా తిట్టుకునేవాళ్లకు అదే సరిహద్దు రెండు గొంతులిచ్చిందని ఎందుకు తట్టదు?

నాలుగో కారణం, ఐదు కోట్లు. ఆ డబ్బు వచ్చే పథకం ఎంపీ ల్యాడ్స్ 1993 డిసెంబరులో మొదలైంది. 2011–12 నుంచి ఒక్కో ఎంపీకి ఏడాదికి ఐదు కోట్లు. నాందేడ్‌లో ఆరు అసెంబ్లీ నియోజకవర్గాలకు పంచితే ముఖేడ్‌కు కోటి కూడా రాదు. అందులో 15 శాతం దళిత వాడలకు, 7.5 శాతం గిరిజన ప్రాంతాలకు కేటాయించాలి. ఆ లెక్క అడగడం న్యాయమే. కానీ ఎంపీని ఐదు కోట్ల మనిషిగా చూడడం మొదలుపెట్టినప్పుడే మనం మోసపోయాం. 2025–26 కేంద్ర బడ్జెట్ 50 లక్షల కోట్ల రూపాయలు దాటింది. దాన్ని ఆమోదించే 543 మంది లోక్‌సభ సభ్యుల్లో నాందేడ్ ఎంపీ ఒకరు. సమాజ మందిరానికి పునాది రాయి వేశాడా లేదా అని అడిగే ఊరు, బడ్జెట్ చర్చలో నోరు విప్పాడా లేదా అని ఎప్పుడూ అడగదు. ఇక జిల్లా స్థాయిలో "దిశ" అనే సమీక్షా సంఘం ఉంది. 2016లో ఏర్పాటైంది. జిల్లాకు సంబంధించిన లోక్‌సభ సభ్యుల్లో ఒకరు అధ్యక్షుడు, కలెక్టర్ సభ్య కార్యదర్శి. ఉపాధి హామీ, ఇళ్లు, రోడ్లు, తాగునీరు వంటి కేంద్ర పథకాలన్నిటినీ మూడు నెలలకోసారి అక్కడ సమీక్షించాలి. ఐదు కోట్ల గురించి తెలిసిన వందమందిలో ఈ సంఘం గురించి తెలిసినవాడు ఒక్కడు దొరకడం కష్టం. అది చివరిసారి ఎప్పుడు కూర్చుంది, ముఖేడ్ తాలూకా గురించి ఏం నమోదు చేసింది అన్నది సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగవచ్చు.

ఎంపీని తెలుసుకోవడమంటే పేరూ మొహమూ గుర్తుపట్టడమన్న అపోహ కూడా పోవాలి. నాందేడ్‌లో పేరును నమ్ముకుంటే దారి తప్పుతాం. భోకర్ వైపు పట్టున్న అశోక్ చవాన్ మాజీ హోంమంత్రి శంకర్‌రావ్ చవాన్ కుమారుడు. 2014లో నాందేడ్ ఎంపీగా గెలిచారు, 2019లో ఓడిపోయారు, 2024 ఫిబ్రవరిలో కాంగ్రెస్ వదిలి బీజేపీలో చేరి రాజ్యసభకు వెళ్లారు. నాయగావ్‌కు చెందిన వసంతరావ్, రవీంద్ర చవాన్‌లది వేరే కుటుంబం, వాళ్లది కాంగ్రెస్. 2019లో ఎంపీగా గెలిచిన ప్రతాప్‌రావ్ పాటిల్ చిఖలీకర్ ఇప్పుడు లోహా ఎమ్మెల్యే. "చవాన్ సాబ్‌కు చెప్పాం" అని ఊరుకునే అర్జీదారు ఏ సభలోని ఏ చవాన్‌కు చెప్పాడో అతనికే స్పష్టంగా ఉండాలి.

పైగా మనకున్న ఎంపీ ఒక్కడే అనుకోవడమూ పొరపాటే. అశోక్ చవాన్‌తో పాటు 2024లో రాజ్యసభకు వెళ్లిన డాక్టర్ అజిత్ గోప్‌ఛడే కూడా నాందేడ్ జిల్లావారే. రాజ్యసభ సభ్యుడు తన నిధిని రాష్ట్రంలో ఎక్కడైనా సిఫారసు చెయ్యవచ్చు. జిల్లాలోనే కిన్వట్, హద్‌గావ్ హింగోలి లోక్‌సభలోకీ, లోహా లాతూర్ లోక్‌సభలోకీ పోతాయి. కిన్వట్ తెలుగువాడి ఎంపీ నాగేశ్ పాటిల్ ఆష్టీకర్, ముఖేడ్ తెలుగువాడి ఎంపీ రవీంద్ర చవాన్, లోహాలో ఉన్నవాడి ఎంపీ శివాజీ కాళ్గే. ఒకే జిల్లా తెలుగువాళ్లకు ముగ్గురు లోక్‌సభ సభ్యులు, ఇద్దరు రాజ్యసభ సభ్యులు. సంఖ్య చూస్తే మనం అనాథలం కాదు. వాళ్లను వాడుకోవడం తెలియని వాళ్లం.

అంకెలను చూసి మురిసిపోవద్దనీ చెప్పాలి. హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. ఎక్కువ ప్రశ్నలడిగినవాడే మంచి ఎంపీ అనుకుంటే పొరపాటు. డబ్బు తీసుకుని ప్రశ్నలడిగిన నేరానికి 2005 డిసెంబరులో పదకొండు మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. ఎన్ని అడిగారన్నది మొదటి మెట్టు. ఎవరికోసం అడిగారు, సమాధానం వచ్చాక దాన్ని పట్టుకుని ఏం చేశారు అన్నది అసలు కొలత. ఆ కొలత వెయ్యాలంటే ప్రశ్నలనూ సమాధానాలనూ చదవాలి. అవి పార్లమెంటు వెబ్‌సైటులో హిందీలో, ఇంగ్లీషులో ఉంటాయి. మరాఠీలో లేవు, తెలుగులో లేవు. పత్తి రైతు తన పత్తి గురించి మంత్రి ఇచ్చిన సమాధానాన్ని తన భాషలో చదవలేకపోవడం అన్యాయం.

ఈ అన్యాయంలో తెలుగు పత్రికలకూ వాటా ఉంది. ఎంపీ ఏ పెళ్లికి వెళ్లారో, ఎవరిని ఏమన్నారో జిల్లా పేజీలు రాస్తాయి. ఆయన ఆ వారం సభలో ఏమడిగారో, మంత్రి ఏం చెప్పారో పది వాక్యాల్లో వేసే అలవాటు మనకు లేదు. నిజామాబాద్, ఆదిలాబాద్ పేజీలకు సరిహద్దు అవతలి తెలుగువాడు వార్తే కాదు. సమావేశాలు జరిగే రోజుల్లో వారానికోసారి ఆ ప్రాంతపు ఎంపీల ప్రశ్నలూ సమాధానాలూ తెలుగులో వెయ్యడానికి పెద్ద ఖర్చు లేదు. చెయ్యకపోవడానికి కారణం, పాఠకుడికి అక్కర్లేదని ముందే నిర్ణయించుకోవడం. నాందేడ్ ఓటరు 2024 నవంబరు 20న ఆ నిర్ణయం తప్పని చూపించాడు.

కాబట్టి ఈ వ్యాసం చదివే ముఖేడ్, దెగ్లూర్, బిలోలి తెలుగువాళ్లకు నా విన్నపం ఇది. మీ ఎంపీ ఎన్నికల అఫిడవిట్ తెచ్చుకుని చదవండి. పార్లమెంటు సమావేశాలు ఎప్పుడు మొదలవుతాయో తెలుసుకుని, నెల ముందే మీ ఊరి ప్రశ్న ఒక్కటి రాసి, పది సంతకాలతో ఆయన ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. తెలుగులో రాస్తే ఆయన చదవలేరనుకుంటే మరాఠీలోనే రాయండి, విషయం మాత్రం మీదై ఉండాలి. సమావేశాలు ముగిశాక వెళ్లి, అడిగారా, అడిగితే ఏం సమాధానం వచ్చింది, అడగకపోతే ఎందుకు అని నిలదీయండి. ఆయన ఏ పార్టీవాడైనా సరే. 1,457 ఓట్ల మెజారిటీతో గెలిచిన ఎంపీ పది సంతకాలున్న కాగితాన్ని తేలిగ్గా తీసుకోలేడు. ఖాసదార్ ఎవరైతే మనకేంది అని మనం అన్నంతకాలం, ముఖేడ్ ఏమైతే మనకేంది అని ఢిల్లీ అనుకుంటూనే ఉంటుంది. ముందు మనం ఆ మాట మానుకుందాం.